కూర్చోమని ఎవరూ అనలేదు

మొన్న సాయంత్రం టార్నీట్‌లో మా పిన్ని ఇంట్లో టీ తాగుతుంటే, పక్కనే సోఫాలో పిన్ని కూతురు బాసింపట్టు వేసుకుని, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, డెన్మార్క్‌లో పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి సిద్ధమైంది. ఒక చేతిలో చిప్స్ ప్యాకెట్. చెమట మాత్రం నాకు పట్టింది.

కొన్నేళ్ల క్రితం ఆ దేశపు ఇంటర్వ్యూకే నేనూ ఈ నగరంలోనే, క్లేటన్ పేటలో అద్దె ఇంట్లో కూర్చున్నాను. కూర్చున్నాననడం అతిశయోక్తే, ఆ సంగతి చెబుతాను. ఈ దేశం వచ్చి చేసిన మాస్టర్స్ అయిపోయింది, వీసా ఆ నెలాఖరుతో సరి, పీహెచ్‌డీని జీతమిచ్చే ఉద్యోగంగా చూసే ఆ దేశం తప్ప నన్ను పిలిచిన దేశం మరొకటి లేదు. ఇదీ పోతే రెంటచింతల వెళ్లి, వచ్చేశావా అబ్బాయ్ అని అడిగే ప్రతివాడికీ జవాబు చెప్పుకోవాలి. మా ఊరి ఎండకంటే నాకు ఆ ప్రశ్నంటేనే భయం. పెట్రోల్ బంకులో పనిచేస్తూ ఆ ఇంట్లో మా అందరికీ పెద్దదిక్కుగా ఉండే వరంగల్ అన్న ముందే హెచ్చరించాడు.

"సార్ అనకు తమ్మీ. ఆడ అందరు పేరు పెట్టి పిలుసుకుంటరట."

నోటిని అదుపులో పెట్టుకున్నాను, కాళ్ల సంగతి మరిచిపోయాను. సార్ గుమ్మంలోకి రాగానే బెంచీలన్నీ ఒక్కసారి కిర్రుమనడం మీకూ గుర్తుండే ఉంటుంది. తెరమీద ముగ్గురి నడుమ ప్రొఫెసర్‌గారి తెల్లగడ్డం కనిపించగానే నా కాళ్లు అలాగే వాటంతటవే లేచాయి. కూర్చోమంటే కూర్చుందామని చూశాను. అక్కడ ఎవరూ ఎవరినీ లెమ్మనరు కాబట్టి కూర్చోమనీ అనరని నాకేం తెలుసు? నా చొక్కా గుండీలు తప్ప ఏమీ కనబడని ఆ ముగ్గురూ, నాకు నిలబడి పనిచేయడమే ఇష్టమనుకున్నారు కాబోలు, మర్యాదగా, ఎత్తు మార్చుకునే తమ బల్ల అంచున మీట నొక్కారు. బల్ల పైకి లేచింది, దాంతోపాటు వాళ్లూ లేచారు. పెద్దవాళ్లను నిలబెట్టిన పాపం కూడా నాకే చుట్టుకుంది.

అప్పుడడిగారు, గాలిమరల రెక్కలు ఎందుకు పగులుతాయో వెతికే తమ ప్రాజెక్టులో లోపమేమిటని. సార్ లెక్క తప్పన్నవాడికి మా కాలేజీ ప్రాక్టికల్స్‌లో ఏ గతి పట్టిందో కళ్లారా చూసినవాణ్ణి. వాళ్ల ప్రాజెక్టులో వాన ఉంది, ఉప్పుగాలి ఉంది, మంచు ఉంది. రెంటచింతలవాడికి కనబడనిది ఒక్కటే.

"ఎండ లేదు సార్," అనేశాను. సార్ కూడా వచ్చేసింది.

ముగ్గురూ మాట్లాడలేదు. నెట్ ఆగిపోయిందేమోనని ఆశపడ్డాను గానీ వాళ్ల కనురెప్పలు ఆడుతూనే ఉన్నాయి. ఆ మౌనంలోనే నేను విమానం దిగి, బస్సెక్కి, ఊరు చేరిపోయాను కూడా. చివరికి గడ్డం ఆయన, దీనిమీద మనం బాగా పోట్లాడుకోవచ్చన్నారు. అది మెచ్చుకోలని తెలియక, ఉద్యోగం వచ్చిందన్న కబురు అందేదాకా నాకు అన్నం సహించలేదు. పెళ్లి ఫొటోలో లాగా అంతసేపు నిలబడ్డానేమిటని వరంగల్ అన్న వారంపాటు అడుగుతూనే ఉన్నాడు.

ఇప్పుడీ పిల్ల, ప్రొఫెసర్ చెప్పింది తనకు నచ్చలేదని ఆయనతోనే చిప్స్ నములుతూ చెబుతోంది. బెరుకన్నది లేని ఆ గొంతు వింటే సంతోషం వేసింది. మేం అంత భయాన్ని కష్టపడి లగేజీలో సర్దుకుని దేశాలు దాటించామే, ఇక దాన్ని అప్పగించడానికి ఎవరూ లేరే అని చిన్న బెంగా వేసింది. ఇంతలో ఆమె మైకు ఆపి నావైపు తిరిగింది.

"అన్నయ్యా, కూర్చో ప్లీజ్. వీడియోలో నీ పొట్ట కనిపిస్తోంది."

చూసుకుంటే టీ కప్పుతో సహా నిలబడి ఉన్నాను. ఆ ఒక్క మాట కోసం ఇన్నేళ్లు ఆగిన కాళ్లు, ఇంకేమీ అడగకుండా కూర్చున్నాయి.