చేటలో నడిచిన మినపగింజ

పొద్దున పూలకుండీ జరిపితే కింద తడిమట్టిలో ఆ పురుగులు కనిపించాయి. మార్కాపురంలో నాతో పెరిగినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, నీళ్ల బాన కింద పలకరాయి ఎత్తితే ఉండేవి. బూడిద రంగు, వీపు మీద అడ్డంగా పెంకు పట్టీలు, పక్కకు ఏడేసి కాళ్లు, ముందు రెండు మీసాలు. ముట్టుకుంటే చాలు, అన్నీ లోపలికి లాక్కుని గుండ్రంగా ముడుచుకునేవి. చిన్నదైతే అచ్చం మినపగింజే.

చిన్నప్పుడొకసారి అవ్వ అరుగు మీద కూర్చుని మినుములు ఏరుతుంటే, అలాంటిదొకటి ఆమె చేటలో వేసి నవ్వాపుకుంటూ చూశాను. కాసేపటికి అది విచ్చుకుని నడిచింది. అవ్వ కళ్లు నులుముకుంది. వేలితో తాకేసరికి అది మళ్లీ గింజైపోయింది.

"అమ్మాయ్, ఇంక నువ్వే ఏరుకో. నా కండ్లు పోయినాయి. గింజలు నడుస్తన్నట్టు కనపడతన్నాయి," అని చేట మా అమ్మకు ఇచ్చేసింది.

ఆ తర్వాత అవ్వ మళ్లీ చేట పట్టలేదు. సూదిలో దారం కూడా నన్నే ఎక్కించమనేది. నిజం నోటిదాకా వచ్చి ఆగిపోయేది. దారం ఎక్కించి ఇస్తే నా తల నిమిరి, "నీ కండ్లు సల్లగుండ," అనేది.