కుడితి గోలెం దగ్గర నవ్వు

నా చిన్నప్పుడు ఊరంతటినీ ఒక్క దెబ్బకి నవ్వించిన మనిషి మా మేనత్త. ఆమె పోయేముందు నాతో అన్న ఆఖరి మాట, "ఆ రోజు మనం ఎందుకు నవ్వామో వాళ్లకి చెప్పవే." నేను అన్న ఆఖరి మాట, "ఎవరికి చెప్పనత్తా? అడిగినోళ్లెవరు?" అప్పటికే ఆమెకి చెవుడు. నా మాట విందో లేదో తెలీదు. గోడవైపు తిరిగి పడుకుంది. అంతే.

ఇన్నేళ్లకి అడిగే మనిషి వచ్చింది. నువ్వేనే. మా చెల్లెలి మనవరాలివి. సినిమా చదువు చదివి, నీళ్లకింద పోయిన ఊళ్ల మీద డాక్యుమెంటరీ తీస్తానని కెమెరా మెడకేసుకుని గురజాల బస్టాండులో దిగావు. ఎక్కడో వెతికి పట్టుకొచ్చిన పాత సినిమా ముక్క ఫోన్లో పెట్టి చూపించావు. "అమ్మమ్మా, ఊరు పోతుంటే మీరంతా ఇట్టా పగలబడి నవ్వుతున్నారేంది?" అన్నావు. అది చూసిన కాడ నించి నాకు కాలు ఒకచోట నిలవట్లేదు. మిరపకాయల తొడిమలు తీద్దామని కూచుంటా, నాలుగు తీసి లేస్తా. వాకిట్లోకి పోతా, లోపలికొస్తా, ఎందుకొచ్చానో గుర్తుండదు. నాకా, సంతకం వరకే రాయడం వచ్చు. నే చెప్తా, నువ్వు రాయి. నా మాట దిద్దబాక.

మాది మాచర్ల అవతల, కృష్ణ ఒడ్డున ఊరు. డ్యాము కడుతున్నారు, మీ ఊళ్లోకి నీళ్లొస్తాయి, లేచిపోండి అన్నారు. జనం ఇళ్లు వాళ్లే విప్పుకున్నారు. వాసాలు, తలుపులు, గడపలు, అన్నీ బండ్లకెత్తారు. మా ఇంటి ముందు కుడితి గోలెం ఒకటి ఉండేది. మా తాత రాయి తొలిపించి, సగం దాకా భూమిలో పాతించాడు. గొడ్లు వచ్చి దాంట్లో మూతులు పెట్టేవి. అది ఎంత తవ్వినా కదల్లా. సరే ఉండనీ, కృష్ణమ్మ తాగుద్దిలే అని మా నాయన వదిలేశాడు. బయల్దేరే రోజు కూడా మా అమ్మ ఎప్పటిలాగే కడుగునీళ్లు, తవుడు కలిపి దాన్ని నింపింది. గొడ్లు తాగి ఎక్కాలి గదా దారి.

అప్పుడొచ్చింది జీపు. పట్నం నుంచి సినిమావాళ్లు. ఒకాయన ప్యాంటూ షర్టూ వేసుకుని చేతులు ఊపుతా ఏది ఎట్టా తీయాలో చెప్తున్నాడు. ఇంకొకతను మూడుకాళ్ల పీట మీద నల్లపెట్టె పెట్టుకుని తిప్పుతున్నాడు. పిల్లలం గదా, మాకది తమాషా. పెద్దోళ్లకి కాదు. ఆ ప్యాంటాయన ఒక్కో ఆడమనిషి దగ్గరికీ వచ్చి, అమ్మా, ఊరొదిలి పోతున్నారు గదా, కాస్త కళ్లనీళ్లు పెట్టుకోండి, బొమ్మ బాగా వస్తది అంటున్నాడు.

మా అమ్మ అంతకు ముందు చలికాలంలో పాలుతాగే బిడ్డని పోగొట్టుకుంది. నా తమ్ముడు. వాణ్ణి ఊరిచివర చేను గట్టున పూడ్చారు. అప్పట్నించీ ఆమె ఏడవలా, నవ్వలా. చెప్పిన పని చేసేది, పెట్టింది తినేది. ఆ సంగతి ఎవరు మోశారో మరి ఆ ప్యాంటాయన చెవిన వేశారు. ఆయన ముఖం వెలిగిపోయింది. పెట్టె అతన్ని వెంటేసుకుని మా అమ్మ ముందుకొచ్చాడు. "నీ బిడ్డని ఇక్కడే వదిలి పోతున్నావంట గదమ్మా. ఆ మాట తల్చుకో" అన్నాడు. మా అమ్మ చేతిలో తవుడు చాట అట్టాగే ఆగిపోయింది. పెట్టె గిర్రున తిరుగుతుంది.

మా మేనత్త బండి మీద నుంచి దూకింది. తిడతదేమో అనుకున్నా, ఆమె నోరు అట్టాంటిది. కానీ ఆమె మా అమ్మ పక్కన నిలబడి, తేనె పూసినట్టు, "బాబూ, మా ఎద్దులు కూడా బొమ్మలో పడాలి. నువ్వు అడ్డమొస్తున్నావు, కొంచెం ఎనక్కి జరుగు నాయనా" అంది. ఆయన జరిగాడు. "ఇంకొంచెం. ఆ తలుపులు కూడా పడాల. ఇంకొంచెం బాబూ, సిగ్గుపడబాక." ఆయన ఎనక్కి, ఎనక్కి పోయి పోయి, దభీమని కుడితి గోలెంలో కూలబడ్డాడు. కాళ్లు పైకి, తవుడు మొహం నిండా. మా ముసలెద్దు వచ్చి ఆయన చెవి నాకింది.

"చూశావా వదినా, మా ఇంటికొచ్చిన చుట్టం కుడితి తాగకుండా పోలేదు" అంది మా మేనత్త. ఊరంతా విరగబడి నవ్వింది. నేను నేల మీద పడి దొర్లా. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. తమ్ముడు పోయాక అదే మొదటి నవ్వు.

బండ్లు కదిలాయి. ఊరు దాటి చేను గట్టు దగ్గరకొచ్చేసరికి మా మేనత్త బండి ఆపించింది. మగాళ్లని ముందుకి పొమ్మంది. "ఇప్పుడు ఏడువు వదినా. ఇక్కడ ఎవరూ లేరు. ఇప్పుడు నీ ఏడుపు నీది" అంది. మా అమ్మ ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మా మేనత్త ఓదార్చలా. పగ్గాలు పట్టుకుని, అటు తిరిగి, కాపలా కాసింది.

కథ అక్కడితో అయిపోతే బాగుండు. కొత్త కాలనీకి కొన్నాళ్లకి సినిమా చూపించే తెర బండి వచ్చింది. చాపలు పరుచుకుని కూచున్నాం. తెర మీద మేమే. కుడితీ లేదు, గోలెం లేదు, ప్యాంటాయన లేడు. మా నవ్వు ఒక్కటే ఉంది. పైన ఎవరిదో బొంగురు గొంతు, ఈ ఊరివాళ్లు సంతోషంగా నవ్వుతూ నేల వదిలిపోతున్నారు అని చెప్తుంది. మా మేనత్త లేచి పోయింది. ఏడుపు దాచబోయి నవ్వు వాళ్ల చేతికిచ్చానే అని పొయ్యి ముందు కూచుని గొణుక్కుంది. మా అమ్మ మాత్రం, నువ్వు లేకపోతే ఆ తెర మీద నా బిడ్డ ఉండేవాడు అంది. ఇద్దరిలో ఎవరి మాట ఒప్పో ఈ వయసుకి కూడా నాకు తేలలేదు.

నాకు మిగిలింది ఒక అలవాటు. నేను నవ్వితే, ఎందుకు నవ్వానో చెప్పిందాకా ఊరుకోను. నవ్వుకి కూడా రసీదిస్తదిరా ఇది అని మా ఆయన బతికున్నన్నాళ్లూ వెక్కిరించాడు. ఆయన పోయిననాడు వచ్చినోళ్లందర్నీ పంపించి, తలుపేసుకుని, అప్పుడు ఏడ్చా.

మా అమ్మకి ఫొటో లేదు. ఆ సినిమాలో నవ్వే మొహం ఒక్కటే ఆమెది. దాన్ని తీసెయ్యబాక. ఆ బొంగురు గొంతు తీసేసి, నా మాట పెట్టు.

ఏదీ, ఇప్పుడు రాసింది చదువు. మొదటి నించీ చదువు. కాస్త గట్టిగా చదవ్వే, మా మేనత్తకి చెవుడు.