వెనక సీటు కింద చోటు

ఇమెదా అబద్ధాలాడతాడని మా ఆల్వానీ ఊళ్ళో ఎవరూ అనరు. "ఇమెదా మాట్లాడాడు" అంటారు, అంతే. వినేవాడికి అర్థమైపోతుంది. ఓసారి అబానో కనుమ మీద గాలికి తన బండి పైకి లేచి, మూడు మలుపులు దాటి మళ్ళీ రోడ్డు మీదే వాలిందనీ, ఆ కాసేపూ డీజిలు ఆదా అయిందనీ ఓ పెళ్ళి విందులో చెప్పాడు. పెళ్ళికొడుకుతో సహా అందరూ తలూపారు. ఊపకపోతే తర్వాతి కథ చెప్పడేమోనని భయం. చదువు ఆరో తరగతితో ఆగింది. అదీ, మాస్టారి దగ్గర ఇంకేమీ మిగల్లేదు గనక జాలిపడి తనే మానేశాననేవాడు.

బండి తోలడంలో మాత్రం అతనికి గొప్పల అవసరం లేదు. ఆల్వానీ నించి కొండల మీది ఒమాలో అనే ఊరికి పోయే దారి పక్కన, చక్రం జారి లోయలోకి పోయినవాళ్ళ ఫొటోలు రాళ్ళకి బిగించి ఉంటాయి. ప్రతి ఫొటో దగ్గరా ఓ గ్లాసు. డ్రైవర్లు ఆగి, రెండు చుక్కలు ద్రాక్షసారా నేల మీద వంచి, పోయినవాడి పేరు చెప్పుకుని కదుల్తారు. అలాంటి దారిలో ఇన్నేళ్ళుగా ఇమెదా ఒక అద్దం కూడా పగలగొట్టుకోలేదు.

అతనిది నాలుగు చక్రాలూ లాగే పాత జపాన్ వ్యాను. డ్రైవరు గాక ముందు ఇద్దరు, మధ్యలో నలుగురు. ఆ వెనక, వాళ్ళ నాన్న చేయించిన చెక్కపెట్టె అడ్డంగా ఉండేది. అందులో మంచుకి టైర్లకి చుట్టే గొలుసులు, పార, టార్పాలిన్, పెద్ద తాడు చుట్ట. పెట్టె మీద, ఎండాకాలమంతా, అన్న ఎల్గుజా మందలో తయారైన జున్ను కిందకి దిగేది, గొర్రెతోలు సంచుల్లో. ఆ బండి వాసన చూసి కుక్కలు ఊరి పొలిమేర దాకా ఎదురొచ్చేవని ఇమెదా చెప్పేవాడు. ఇది మాత్రం నిజమే.

తర్వాత కొండలు చూడ్డానికి జనం రావడం మొదలైంది. డ్రైవర్లంతా సీట్లు పెంచారు. ఎవడి బండిలో ఎంతమంది పడతారన్నది చావడి దగ్గర పందెంలా మారింది. ఇమెదా ఊరుకుంటాడా? ఓ జూన్ నెల పొద్దున చెక్కపెట్టె దింపి, దాని చోట ముగ్గురు కూర్చునే సీటు వెల్డింగు చేయించాడు. పెట్టెని పెరట్లో పడేశాడు. మర్నాటికల్లా కోళ్ళు అందులో కాపురం పెట్టాయి.

మందని పైకి తోలుకుపోయే ముందు ఎల్గుజా వచ్చి బండి వెనక తలుపు తీసి చూశాడు. ఎల్గుజా తమ్ముడికి తిరగేసిన అచ్చు. నోట్లోంచి మాట రావడానికి ఓ వసంతం పట్టేది.

"పెట్టె ఏదిరా?"

"ఎందుకన్నా అది? పదేళ్ళుగా ఆ తాడు ఒక్కసారన్నా విప్పామా? ఎలకలకి ఉయ్యాల తప్ప దేనికీ పనికిరాలేదు. ఇప్పుడు చూడు, తొమ్మిదిమంది. ఈ దారిలో తొమ్మిదిమందిని ఎక్కించేవాడు ఇంకోడుంటే చూపించు."

"జున్ను?"

"జున్ను పైన కడతాను. జున్నుకి గాలి మంచిది."

ఎల్గుజా కొత్త సీటు కింద చెయ్యి పెట్టి చూశాడు. "ఇక్కడ చోటుంది. కనీసం తాడు పెట్టుకో."

"పెడతాలే."

పెట్టలేదు. ముగ్గురు మనుషులు ఎక్కితే మూడు సంచులు కూడా ఎక్కుతాయి. వాటికీ చోటు కావాలి. ఎండాకాలమంతా ఆ చోట ఎవడో ఒకడి సంచి ఉంటూనే వచ్చింది.

సెప్టెంబరు చివర, మందలు కిందకి దిగే రోజుల్లో, ఇమెదా తొమ్మిదిమందితో పైకి బయల్దేరాడు. ఎప్పటిలాగే కొండ మొదట్లో ఇంజను ఆపి అడిగాడు: "సంచుల్లో పందిమాంసం ఏమన్నా ఉందా? ఉంటే ఇక్కడే తినెయ్యండి, లేదా కుక్కకి పెట్టండి. మా కొండకి పడదు. ఎక్కించినవాడికే కాదు, పక్కనున్నవాడికీ మంచిది కాదు." అందరూ లేదన్నారు. వెనక సీట్లో ముగ్గురు కుర్రాళ్ళు కాస్త ఎక్కువ గట్టిగా లేదన్నారు.

కనుమ దగ్గర్లో, ఇరుకు మలుపులో, ఎల్గుజా మంద ఎదురైంది. గొర్రెలు రోడ్డంతా నిండిపోయాయి. రాత్రంతా వాన పడి ఆగింది. తమ్ముడి బండికి దారివ్వడానికి ఎల్గుజా లోయ వైపు అంచున నడుస్తూ, కర్రతో గొర్రెల్ని కొండ వైపుకి నెట్టుకొస్తున్నాడు. బండి అద్దం దగ్గరకొచ్చి, లోపల తలలు లెక్కపెడుతున్నట్టు వేలు ఊపి, నవ్వాడు. అతని కాళ్ళ కింద అంచు విరిగింది.

చాలా దూరం జారి, పలకరాళ్ళ మధ్య చిన్న మెట్టు మీద ఆగాడు. పైనుంచి చూస్తే గొంగళి మాత్రమే కనబడుతోంది, ఎవరో ఆరేసినట్టు.

"గొర్రెలు దాటాయా?" కిందనించి గొంతు వచ్చింది.

"దాటాయన్నా. కదలకు."

"ఎక్కడికి కదుల్తాను, కాలు నా మాట వినట్లేదు. తాడు వెయ్యి."

ఇమెదా బండి వెనక తలుపు తీసి నిలబడ్డాడు. మంద గుర్రాలూ, వాటి మీది తాళ్ళూ ముందే కిందకి దిగిపోయాయి. ఎల్గుజాతో మిగిలిన ఒక్క కాపరి చేతిలో ఉన్నది కర్ర.

"ఏరా, సీటు కింద తాడు పెట్టలేదా?"

"పెట్టెలోనే ఉంది అన్నా, ఇంటిదగ్గర."

"కోళ్ళు గుడ్లు పెడుతున్నాయా?"

"పెడుతున్నాయి."

"మంచిదే."

ఇమెదా కత్తి తీసుకుని వెనక సీట్లోకి దూరాడు. కొత్త సీటు బెల్టులన్నీ కోశాడు. సంచుల పట్టీలకోసం సీటు కింద చెయ్యిపెట్టి లాగితే, కుర్రాళ్ళ సంచి నోరు తెరుచుకుని, కాగితంలో చుట్టిన, పందిమాంసం కూరిన సాసేజ్ దొర్లి రోడ్డు మీద పడింది. చిటికెన వేలంత ఉంటుంది. కాపరి దాన్ని చూశాడు, శిలువ గుర్తు వేసుకున్నాడు. ఇమెదా చూడలేదు. బెల్టులు, పట్టీలు, చొక్కాలు ముడివేసి కిందకి వదిలాడు. అది ఎల్గుజా తలకి ఇంకా రెండు నిలువుల పైనే ఆగిపోయింది.

"బాగుంది. ఆ సీటు కూడా పంపిస్తే కూర్చుంటాను," అన్నాడు ఎల్గుజా.

ఇమెదా దిగబోయాడు. మూడో అడుక్కి పలకలు కదిలి చప్పుడు చేసుకుంటూ అన్న మీదకి పోయాయి.

"దిగకు. నువ్వు దిగితే కొండంతా నా మీదే కూర్చుంటుంది. పైకి పో."

పైకి పోయాడు. అంచున బోర్లా పడుకుని, అన్న నిద్రపోకుండా కథలు చెప్పాడు. గాలికి ఎగిరిన బండి కథ చెప్పాడు. ఎల్గుజా, "ఈసారి ఎన్ని మలుపులు?" అని అడిగాడు. "అయిదు" అన్నాడు ఇమెదా. మళ్ళీ వాన మొదలైంది. తర్వాత కింద పలకలు జారిన చప్పుడు వచ్చింది. అది చాలాసేపు వచ్చింది.

ఆ చప్పుడు ఆగాక ఒమాలో వైపునించి ఇంకో బండి రావడానికి టీ కాచుకుని తాగేంత సేపే పట్టింది. ఆ డ్రైవరు తాడు తీసుకుని పరుగెత్తుకొచ్చాడు. ఇమెదా ముఖం చూసి, ఆ తాడుని వీపు వెనక దాచుకుని నిలబడ్డాడు.

శవం ఆల్వానీ చేరకముందే కథ చేరింది. కొండ మీదకి పందిమాంసం ఎక్కించారట, అందుకే అంచు విరిగిందట. మా వాళ్ళకి అది చాలు. ఇమెదాని ఎవరూ ఒక్క మాట అనలేదు. భుజాలు తట్టారు. "నువ్వు అడిగావుగా, వాళ్ళు అబద్ధమాడారు. నీ తప్పేముంది" అన్నారు. ఇమెదా కాదనలేదు. మొదట తలూపాడు. తర్వాత తనే చెప్పడం మొదలెట్టాడు. చెప్పినప్పుడల్లా సాసేజ్ పెరిగింది. చలికాలానికి జానెడయింది. గొర్రెలు ఈనే వేళకి మూరెడయింది.

ఏడాది తిరిగాక ఎల్గుజా పేరు మీద విందు పెట్టారు. గొర్రెల్ని కోశారు, మగాళ్ళు బీరు కాచారు. పెద్ద బల్ల దగ్గర ఎవరో అడిగితే ఇమెదా లేచాడు.

"సంచి లాగాను. సాసేజ్ బయటకొస్తోంది, వస్తూనే ఉంది. నా చెయ్యంత పొడుగు. నల్లగా, పాములాగ. అప్పుడే అనుకున్నాను..."

ఎల్గుజా భార్య జుజునా మాంసం పళ్ళెం పట్టుకుని అతని వెనకే నిలబడి ఉంది. ఏడాదిగా ఆమె ఈ విషయం ఎత్తలేదు.

"ఆగావేం మరిదీ," అంది. "ఇంకా సాగదియ్యి. ఆయన పడున్న మెట్టు దాకా అందేట్టు సాగదియ్యి."

బల్ల చుట్టూ ఎవరూ నమల్లేదు. జుజునా పళ్ళెం దించి, అంచుకంటిన కొవ్వు చేతిగుడ్డతో తుడిచి, లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున్నే ఆమె మరిది ఇంటిముందుకొచ్చింది. ఇమెదా పెరట్లో కోళ్ళని తరిమి పెట్టె దులుపుతున్నాడు.

"తాడుందా అందులో?"

"ఉంది వదినా."

"పద."

దారిలో ఫొటోల దగ్గర ఆగారు, పేర్లు చెప్పారు. ఇరుకు మలుపులో కొత్త ఫొటో, ఎల్గుజాది, ఇంకా ఎండకి వెలిసిపోలేదు. ఏడాదంతా ఇమెదా ఒక్క మాట పట్టుకుని నిద్రపోతూ వచ్చాడు, ఎవరికీ చెప్పలేదు గానీ: తాడున్నా అందేది కాదేమో. అది మాట్లాడిన మాట కాదు. అతను నిజంగా నమ్మింది అదొక్కటే.

తాడు కొసకి రాయి కట్టి, అంచునించి వదిలాడు. కోడిరెట్ట ఎండిన తాడు చేతుల్లోంచి గరగరమంటూ దిగింది. రాయి మెట్టుకి తగిలిన చప్పుడు ఇద్దరికీ వినబడింది. తాడు వదులైంది.

ఇమెదా చేతులవైపు చూసుకున్నాడు. అరచేతుల నిండా ఇంకా తాడుంది. కాళ్ళ దగ్గర ఇంకో నాలుగు చుట్లున్నాయి.

"మిగిలింది," అంది జుజునా.

"అవును వదినా."

ఆమె వంగి, నేల మీది చుట్లు ఒక్కొక్కటే చేతికి చుట్టుకోసాగింది. ఆల్వానీ వైపునించి ఒక బండి హారన్ కొడుతూ వస్తోంది, నిండా జనంతో. ఇమెదా లేచి దారివ్వడానికి తన బండిని కొండవైపుకి ఆనించాడు. పోతూ పోతూ ఆ డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు: "ఏం ఇమెదా, పదిమందిని ఎక్కించాను, చూశావా?"

ఇమెదా ఏమీ మాట్లాడలేదు.