ఎసరు పోసిన మైదా

కోయిలకుంట్లలో పొద్దున ఆరుకు బస్సెక్కాను. కడపలో ఉన్న మనవరాలు రూతు సాయానికి రమ్మంది. టీ అంగళ్లకు బన్నులు వేసే వ్యాపారి ఒకాయన, ఆమె చేసిన బన్నులు నచ్చితే రోజూ కొంటానన్నాడట. కొనకపోతే నాలుగేళ్ల బిడ్డను నా దగ్గర వదిలి, మొగుడి వెంట బెంగుళూరుకు బేల్దారి పనికి, ఇళ్లు కట్టే కూలికి పోవాలి.

ఆడవాళ్లకు టికెట్టు ఊరికే, ఆధార్ చూపిస్తే చాలు. ఆళ్లగడ్డలో బస్సు మారాలి. అక్కడ హోటల్లో తినడం దండగ. నేను జొన్నరొట్టె కట్టుకుపోయాను. పక్కన కూర్చున్న కోసిగి ఊరి ఆడమనిషి రొట్టె చూసి, “ఏమవ్వా, శానా పలచగా తట్టినావే!” అంది.

“ఎసరు బాగా మరగాల. లేకుంటే జొన్నపిండి యాడ అతుక్కుంటాది?” అన్నాను. ముక్క మాత్రం పెట్టలేదు.

పదిన్నరకు కడప. రూతుది ఊరి చివర ఒక్క గది, వెనక బన్నులు కాల్చడానికి ఇటుకలతో కట్టిన చిన్న బట్టీ. సాయంత్రం అంగడిలో రూతు రెండు సంచుల మైదా అడిగింది. “ఒగటి చాల్లే. ఎక్కువైతే పురుగుల పాలు,” అని ఆపాను.

తెల్లవారుజామున కొళాయి వచ్చింది. “అవ్వా, పిండిలో ఈస్టు కలిపినా. నీళ్లు పోసి పిసుకుతా ఉండు, బిందెలు నింపుకొని వస్తా,” అని రూతు పోయింది. పొయ్యి మీద టీకి పెట్టిన నీళ్లు తెర్లుతున్నాయి. నా చేయి దానికి తెలిసిన పనే చేసింది. ఎసరు పోసి, కట్టెతో కలిపి, పిసికాను.

రూతు వచ్చి ముద్దను లాగింది. సాగలేదు, తునిగింది. “ఎసరు పోసినావా అవ్వా!” అంది. వేరే పిండి లేదు, వ్యాపారి వచ్చేలోపు అంగళ్లు తెరవరు. ఆ ముద్దనే ఉండలు చేసి బట్టీలో పెట్టింది.

ఎనిమిదికి వ్యాపారి వచ్చి బన్ను నొక్కి చూశాడు. జొన్నపిండికి మాదిరే ఎసరు పోశానని నేను చెబితే ఇలా అన్నాడు: “జొన్నకు బంక లేదు గాబట్టి ఎసరు కావాల. గోధుమకు ఉండాది గదవ్వా. చన్నీళ్లతో పిసికేకొద్దీ ఆ బంక దారాల మాదిరి అల్లుకుంటాది, ఈస్టు ఇడిసే గాలిని పట్టి నిలుపుతాది. నువ్వు దాన్ని ముందే ఉడకబెడితివి. ఈస్టూ చచ్చె. ఇంగ యాడ పొంగుతాది?”

“తప్పు నాదప్పా. రూతు రేపు మళ్లా చేసి చూపిస్తాది.”

“ఇంకొకామెవి ఇప్పుడే చూసొచ్చినా. పొంగినాయి. ఆమెకు మాటిచ్చినా.”

రూతు మొగుడు పనిచేసే బేల్దార్ల గుంపు ఆ సాయంత్రమే రైలెక్కుతోంది. రూతు బిడ్డ గౌన్లు సంచిలో సర్దింది. పారేయడానికి చేతులు రాక ఆ బన్నులు కూడా నేనే మూటగట్టాను.

మధ్యాహ్నం బస్సులో, మైదుకూరు దాటాక, బిడ్డకు ఒకటి తుంచి ఇచ్చాను. కొరికి, “జేజీ, ఇది అమ్మ బన్ను కాదు,” అంది.

ఈ దారిన వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే: నీళ్లు ఇంటినుంచే తెచ్చుకోండి, ఆధార్ మరవకండి. చిన్నబిడ్డతో తిరిగి రావాల్సి వస్తే కిటికీ పక్క సీటు చూసుకోండి. ఆళ్లగడ్డ వచ్చేదాకా బిడ్డ వెనక్కే చూస్తూ ఉంటుంది.