ఎడారి స్థావరానికి కాశ్యప గోత్రం

ఆ రోజుల్లో ఒకే కుర్చీలో పది నిమిషాలు కూర్చోవడం నాకు పెద్ద తపస్సు. సంధ్యావందనం మాత్రం కదలకుండా చేసేవాణ్ణి (అమ్మకు ఫోనులో అలాగే చెప్పేవాణ్ణి). అలాంటి నాకు రెండు వేల ఏడులో, లండన్ పక్కనున్న స్లౌ ఊళ్లో, రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం దొరికింది. అఫ్ఘనిస్తాన్ ఎడారిలో బ్రిటిష్ సైన్యం వేసుకున్న ఒక స్థావరం చరిత్రను మా చిన్న కంపెనీ తయారుచేస్తోంది. అక్కడి దినచర్య పుస్తకాలు నెలల ఆలస్యంతో వచ్చేవి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని, సరిచూడడం రిటైరైన మేజర్‌గారి పని. ఆయన మొదటిరోజే చెప్పాడు: "ఇందులోని పేర్లు ఈ గది దాటకూడదు. దాటితే వాటి వెనకే నువ్వూ దాటుతావు." నేనింకా ప్రొబేషన్‌లో ఉన్నాను. ఉద్యోగం పోతే వీసా కూడా పోయినట్టే.

ఆ పుస్తకాల్లో మొదట నాలుగు గుడారాలు, ఇసుక బస్తాలు. తర్వాత మట్టి గోడలు. ఆపైన ఒక సార్జంట్ మూడు నెలలు తవ్వించిన బావి. నీళ్లు పడ్డాయని ఒక పేజీ నిండా సంబరం, మర్నాడు "ఉప్పగా ఉన్నాయి" అని ఒక్క ముక్క. ఆ తర్వాత ఒకరోజు పదకొండుమందితో ఆ సార్జంట్ గస్తీకి బయల్దేరాడు. అక్కడితో పుస్తకం అయిపోయింది. తర్వాతి పుస్తకం ఇంకా రాలేదు. కిటికీ దగ్గరికీ కెటిల్ దగ్గరికీ తిరుగుతూనే వారం గడిపాను. వాళ్లు బతికారో లేదో అప్పటికే తేలిపోయి ఉంటుంది, తెలియనిది నాకే.

ఉండబట్టలేక పన్నెండు పేర్లూ ఆఫీసులోనే ప్రింటు తీసి, శనివారం సత్సంగంలో అర్చనకిచ్చాను. వారమంతా కౌన్సిల్ ఆఫీసులో పనిచేసి ఆ ఒక్కరోజూ పంచె కట్టే పంతులుగారు అడిగారు:

"గోత్రం?"

"తెలీదండీ. తెల్లవాళ్లు."

"తెలియకపోతే కాశ్యపమే. నక్షత్రం?"

"తుపాకులు పేలుతున్నాయండీ అక్కడ."

"అది నక్షత్రం కాదు నాయనా."

"కానివ్వండి పంతులుగారూ, రెండింటికి హాలు యోగావాళ్లకివ్వాలి!" అని వెనకనుంచి ఒక ఆంటీ కేకేసింది. ఆయన ఆ ప్రింటు చీటీ మీదే, పేర్ల పక్కన, నాచేత పన్నెండుసార్లు ఇంగ్లీషులో కాశ్యప అని రాయించి అర్చన చేశారు. నేను భక్తిగా ఆ చీటీ తెచ్చి ఆఫీసు ఫైల్లో దాచుకున్నాను. సోమవారం చీటీ సంగతి మరిచి ఆ ఫైలే మేజర్‌గారికిచ్చాను.

"ఇదేమిటి? ఎవరికి చెప్పావీ పేర్లు?"

"పంతులుగారికి సర్. దేవుడికి."

"అందరికీ ఈ కాశ్యప ఏమిటి?"

"ఒక ఋషి సర్. వంశం తెలియనివాళ్లంతా ఆయన పిల్లలే."

ఆయన లేచి తలుపు మూశాడు. ఊరికి తీసుకెళ్లాల్సిన సూట్‌కేసు నా కళ్లముందు కదిలింది. ఆయన కలం తీసి, పదమూడో పేరు రాశాడు. ఇంటిపేరు ఆయనదే.

"మా అబ్బాయి. ఇప్పుడు అక్కడే ఉన్నాడు. నక్షత్రం తెలీదు, పుట్టినప్పుడు మంచు కురుస్తోంది." తలుపు తెరుస్తూ అన్నాడు: "ఇంకోసారి ప్రింటు తీశావో, తోలు తీస్తాను."

"మీవాడికేం కాదు సర్, పూచీ నాది!" అన్నాను.

తర్వాతి పుస్తకం వచ్చింది. సార్జంట్ క్షేమం, రెండో బావి మొదలుపెట్టాడు. పన్నెండుమందిలో ఇద్దరు తిరిగి రాలేదు. మేజర్‌గారబ్బాయి చలికాలంలో ఇల్లు చేరాడు, ఒక చెవి వినబడదు. నా పూచీ సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. నేను ఇప్పటికీ అర్చన చేయిస్తాను, మాట మాత్రం ఇవ్వను. దేవుడి తరఫున అంత నిబ్బరంగా సంతకం పెట్టేసిన అప్పటి నన్ను, ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడి మీద కాస్త అసూయ కూడా.