గొలుసా, డిప్లొమానా

1966లో మా తమ్ముడు హెచ్.ఎస్.సి. పాసయ్యాడు. ఆ సంవత్సరాల్లో బోధన్ చుట్టూ కాలువ కింది భూములు చేతులు మారుతూనే ఉండేవి. కోస్తా నుంచి వచ్చిన రైతులు కొనేవారు, మావాళ్లు అమ్మేవారు, అన్నదమ్ములు పంచుకునేవారు. అన్నిటికీ కొలత కావాలి. అందుకే తమ్ముడు భూమి కొలిచే చదువే చదువుతానన్నాడు. దానికి దారులు రెండు కనిపించాయి. హైదరాబాదులో ఒక ప్రైవేటు సర్వే స్కూలు, ఒక సంవత్సరం. లేదా సివిల్ డిప్లొమా, మూడు సంవత్సరాలు.

మాకు రుద్రూర్ దగ్గర రెండెకరాల చెరుకు తప్ప వేరే ఆధారం లేదు. ఏది చదివించాలన్నా ఆ రెండెకరాలు షావుకారుకు తాకట్టు పెట్టాలి. చదువు అప్పు తీర్చకపోతే భూమి పోతుంది. ఇంట్లో లెక్కలు చూసేది అక్కనైన నేనే కనుక, ఏది మేలో తేల్చే పని బాపు నాకప్పగించాడు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు.

సంపాదనల విచారణ అంతకుముందు ఫిబ్రవరిలోనే అయిపోయింది. డబ్బు సంగతి అడగాలంటే చెరుకు బిల్లులు చేతికొచ్చే రోజుల్లోనే అడగాలని మా వైపు పట్టింపు. మిగతా నెలల్లో అడిగితే అప్పుకొచ్చామనుకుని ఎదుటివాళ్లు ముఖం చాటేస్తారు. బోధన్‌లో గొలుసుతో భూములు కొలిచే సాహెబు ఒకాయన ఉండేవాడు. ఆయన అలాంటి సర్వే స్కూల్లో చదివినవాడే. బాపూ నేనూ వెళ్లేసరికి గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటున్నాడు.

“నెలకు రెండొందల యాభైకి తక్కువ లేదు పటేలా. కూసోని చాయ్ తాగనీకె ఫుర్సత్ లేదు. నిన్న రెంజల్, ఇయ్యాల గిటు. మీ పిల్లగానికి గొలుసు వట్టుడు నేర్పియ్యి” అన్నాడు.

కాలువ మీద పనిచేసే ఓవర్సీరు కోస్తా రైతు కొడుకు, డిప్లొమా చదివినవాడు. ఆయన, “నూట అరవై అయిదండి. పెద్ద గొప్పేం కాదు గానీ, నెల తిరిగేసరికి వచ్చేస్తుందండి” అన్నాడు.

నేను రెండింటినీ పన్నెండుతో గుణించాను. సర్వేకు మూడు వేలు, డిప్లొమాకు పందొమ్మిది వందల ఎనభై. అప్పు సర్వేకు తొమ్మిది వందలు, నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీతో ఏడాది చివరికి వెయ్యి అరవై రెండు. డిప్లొమాకు ఏటా ఎనిమిది వందల చొప్పున మూడేళ్లు తెస్తే మూడు వేల రెండు వందల అరవై నాలుగు. తక్కువ అప్పు, ఎక్కువ రాబడి. ఇంత సులువుగా తేలిందేమిటని నాకే అనుమానం వచ్చింది కానీ, అంకెల్లో తప్పు కనిపించలేదు.

జూలైలో, స్కూలుకు ఏ కాగితాలు కావాలో అడగడానికి మళ్లీ సాహెబు ఇంటికి వెళ్లాం. ఆయన అరుగు మీద కూర్చుని గొడుగు బాగుచేసుకుంటున్నాడు. గొలుసు మూలన పడి ఉంది.

“ఇయ్యాల పని లేదా సాబ్?” అన్నాడు బాపు.

“దసరా దాటెదాక యాడి పని? చెరుకు నెత్తి మీదికి లేసె. హద్దురాళ్లు నీకు కనవడ్తయా, నాకు కనవడ్తయా? చెరుకు కొట్టినంకనే కొలుసుడు. బిల్లు వస్తెనే బేరాలు.”

“మరి నెలకు రెండొందల యాభై అంటివి?”

“ఫిబ్రవరిల అడిగినవ్, ఫిబ్రవరిది చెప్పిన. ఇప్పుడడుగు, ఇప్పటిది చెప్త” అని నవ్వాడు.

మొత్తం మీద ఏడాదికి ఐదు నెలలే పని అని ఆయనే తేల్చాడు. మూడు వేలు కాస్తా పన్నెండు వందల యాభైకి దిగింది. ఇంటికొచ్చి మళ్లీ వేశాను. తిండి ఖర్చు రెంటికీ వదిలేసి, రాబడిలోంచి అప్పు తీసేసి చూస్తే, తొమ్మిదో ఏడు వరకు సర్వే ముందుంది. పదో ఏట డిప్లొమా నాలుగు వందల ఎనిమిది రూపాయలు దాటింది. పదేళ్లు షావుకారు ఆగుతాడా? పైగా కాలువ ఓవర్సీరు, తనతో చదివినవాళ్లలో కొందరు ఇంకా ఉద్యోగం లేక ఇంట్లోనే ఉన్నారని తర్వాత చెప్పాడు. మేం ఉద్యోగం దొరికినవాణ్ణే అడిగాం. దొరకనివాడు కాలువ గట్టు మీద ఎందుకుంటాడు? ఒక్క ఏడాది ఖాళీగా ఉన్నాడనుకుని వేస్తే డిప్లొమా మళ్లీ వెనకబడింది. రెండేళ్లంటే వేయడం మానేశాను.

షావుకారు రమ్మన్న రోజు బాపు తలపాగా చుట్టుకుని నిలబడ్డాడు. “ఏది బిడ్డా? తొమ్మిది వందలు తేవాల్నా, ఎనిమిది వందలు తేవాల్నా?”

“నాకు సమజైతలేదు బాపూ.”

“గన్ని కాయితాలు ఖరాబు జేసి గిదా చెప్పుడు?”

తమ్ముడు కల్పించుకున్నాడు. “అక్కా, సాబుకు పొలం లేదు. గాయన వానకాలం ఖాళీ. నాకేం ఖాళీ? చెరుకుల కలుపు ఎవరు తీస్తరు? నీళ్లెవరు కడ్తరు? బాపుకు నడుము వంగుతలేదాయె.”

నిజమే. కానీ ఆ ఏడు నెలల కలుపుకూ నీళ్లకూ ఎంత వేయాలి? కూలి వేస్తే అది మేం ఎవరికీ ఇచ్చే డబ్బు కాదు. వేయకపోతే తమ్ముడు ఊరికే కూర్చున్నట్టు. కాగితం తీశాను, ఒక్క అంకె కూడా పెట్టలేదు.

“తొమ్మిది వందలే తే బాపూ” అన్నాను. బాపు చెప్పులేసుకున్నాడు. వారం తిరగకుండా తమ్ముడు హైదరాబాదు బస్సెక్కాడు.

అప్పు 1970 మార్చిలో తీరింది, భూమి మాకే మిగిలింది. అయినా ఆ రోజు నేను ఎంచింది మేలైన చదువునా, చిన్న అప్పునా అన్నది నాకిప్పటికీ తెలియదు.