తోక వంచిన ఏడు

మా ఇంట్లో ఏడు అనే మాట వినిపించదు. నా భార్య పుట్టింటివారు విజయనగరం వైపు రైతులు. ధాన్యం కొలిచేటప్పుడు వాళ్ళు ఆరు తరువాత ఏడు అనరు. “ఆరున్నొక్కటి” అని, అక్కడి నుంచి ఎనిమిదికి వెళ్తారు. ఏడు అన్న నోటితో ఏడుపు కూడా ఇంట్లోకి వస్తుందని భయం. పెళ్ళయి గాజువాక వచ్చి ఇన్నేళ్ళయినా ఆమె కొలత మారలేదు. మా కుక్కర్‌కు కూడా ఆరున్నొక్క కూతలే వస్తాయి.

నా ఉద్యోగం ఓడరేవులో గడిచింది. ఓడలోకి ఎక్కిన ఇనుప ఖనిజం లెక్క, కాగితం మీది లెక్క ఒకటేనా అని సరిచూడడం నా పని. అందువల్ల తేదీ గాని అంకె గాని లేని మాటను రుజువుగా తీసుకునే అలవాటు నాకు లేదు. ఏడు గురించి మా ఇద్దరికీ ఉన్న వాదన చాలాకాలం సరదాగానే సాగింది. నాకు డెబ్బై ఆరు నిండాక అది సరదా కాకుండా పోయింది.

గోపాలపట్నంలోని మా పురోహితుడు ఆమెకు ఒక సంగతి చెప్పాడు. డెబ్బై ఏడో ఏట, ఏడో నెల, ఏడో రాత్రిని భీమరథి అంటారట. మనిషికి అది దాటరాని రాత్రి కాబట్టి ముందుగానే శాంతి జరిపించి, దంపతులకు మళ్ళీ పెళ్ళి చేయాలట. భీమరథ శాంతిని డెబ్బైలోనే చేసేవారు ఉన్నారు. ఆయన లెక్క మాత్రం ఇదీ. మూడు ఏడులు ఒకేచోట చేరాయి. పైగా ఆమె తండ్రి పోయింది కూడా ఆ వయసులోనే.

అప్పటి నుంచి ఆమె నన్ను ఒంటరిగా సిటీ బస్సు ఎక్కనివ్వలేదు. మధ్యాహ్నం నేను కునుకు తీస్తే పక్కన కూర్చుని నా ఊపిరి వినేది.

“ఆరో రాత్రికి లేని ప్రమాదం ఏడో రాత్రికి ఎందుకుంటుంది? ఆధారం ఏమిటి?” అని అడిగాను.

“ఆదారం మా నాన్నేనండి,” అంది.



అప్పుడు నాకు ఓడరేవు గుర్తుకొచ్చింది. ఖనిజం కోసం వచ్చిన ఒక జపాన్ ఓడ అధికారి వైర్‌లెస్‌లో అంకెలు చెబుతూ ఏడుకు ఒకసారి “షిచి” అని, వెంటనే దిద్దుకుని “నానా” అన్నాడు. కారణం అడిగాను. షిచి అంటే అవతలివాడికి ఒకటిగా, అంటే “ఇచి”గా వినిపించవచ్చు. అదీగాక అందులోని “షి” చావును తలపిస్తుంది, అందుకే చాలామంది నానా అంటారని చెప్పాడు. ధాన్యం రాశి దగ్గర మా మామగారు చేసిన పనే సముద్రానికి అవతల ఇంకొకరు చేస్తున్నారన్నమాట. ఆ అధికారి ఒక కాగితం మీద తమ ఏడును రాసి చూపించాడు: 七. పదవీ విరమణ తరువాత ఆ అక్షరం గురించి దొరికినదంతా చదివాను.

కొరియావారు దాన్ని “చిల్” అంటారు. వియత్నాంలో “థత్” అంటారు. పోగొట్టుకోవడానికీ అదే శబ్దం. చైనాలో దాదాపు మన “ఛీ”లాగానే పలుకుతారు. ఇది చెప్పినప్పుడు నా భార్య, “సరిగ్గానే పేరెట్టినారు,” అంది.

ఆ అక్షరం పుట్టుక మరింత విచిత్రం. మూడు వేల ఏళ్ళ కిందట చైనాలో ఎముకల మీద చెక్కిన రాతల్లో ఏడు అంటే ఒక అడ్డగీత, దాన్ని కోస్తూ ఒక నిలువుగీత. కోయడమనే అర్థమే మొదటిదని పండితుల ఊహ. ఊహను నేను ఊహగానే రాస్తున్నాను. అప్పట్లో పది అంటే ఒట్టి నిలువుగీత. కాలక్రమంలో పది నడుము మీద ఒక చుక్క చేరింది, ఆ చుక్క సాగి అడ్డగీత అయింది. దాంతో పది కూడా ఏడులాగే కనబడసాగింది: 十. రెండూ కలగాపులగం కాకుండా ఏడు తన తోకను కుడివైపుకు వంచుకుంది. ఎవరు, ఏ సంవత్సరం వంచారో తేదీ దొరకదు. ఆ లోటు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

నాకు కావలసిన సంగతి చివర దొరికింది. జపాన్‌లో సంతోషం అనే అక్షరాన్ని గొలుసుకట్టుగా రాస్తే అది 七十七 లాగా, అంటే ఏడు, పది, ఏడులాగా కనిపిస్తుంది. అందుకని అక్కడ డెబ్బై ఏడును సంతోషపు వయసు అని పండుగ చేస్తారు. మనవాళ్ళు భయపడే అంకెకే వాళ్ళు ఆ పేరు పెట్టుకున్నారు.

“ఆళ్ళది ఆళ్ళకి, మనది మనకి,” అని ఆమె తేల్చేసింది.

నేను శాంతికి ఒప్పుకున్నాను. బదులుగా ఫంక్షన్ హాలు ముందు కట్టే ఫ్లెక్సీ మీద ఆ మూడు అక్షరాలూ ఉండాలన్నాను. ఆమె కూడా ఒప్పుకుంది. ఆటోనగర్‌లో లేత్ షాపు నడిపే మా బావమరిదికి కాగితం మీద అందంగా రాసి ఇచ్చాను.

శాంతి రోజు పొద్దున్న హాలు దగ్గర ఆటో దిగి చూస్తే, నా ఫొటో పక్కన మూరెడు అక్షరాలతో 7+7 అని ఉంది.

“ఇదేమిటి?” అన్నాను.

“మీరు రాసిందే బావా. ఫోన్లో ఫొటో ఎట్టినాను. తలకిందులుగా వచ్చీసిందని ఫ్లెక్సీ ఓడే తిప్పీసి సరిసేసినాడు,” అన్నాడు బావమరిది.

తప్పు పట్టడానికి వీల్లేకపోయింది. వంగిన తోక గల ఆ ఏడును తలకిందులు చేస్తే, నడుముకు అడ్డగీత ఉన్న మన 7 వస్తుంది. పదిని ఎటు తిప్పినా కూడిక గుర్తే. ఇన్నేళ్ళు చదివినా నాకు ఇది తట్టలేదు.

అప్పుడే వచ్చిన పురోహితుడు కళ్ళజోడు సవరించుకుని ఫ్లెక్సీ చదివాడు. “ఏటి బాబూ, పద్నాలుగేళ్ళకే శాంతేటి?” అన్నాడు.

బావమరిది తగ్గలేదు. “పెళ్ళికొడుకు ఈడు తక్కువేనండి. మా అక్కే కొంచెం పెద్దది.”

నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమోనని దగ్గరికి వెళ్ళాను. నవ్వుతోంది. నెలల తరబడి ఆమె ముఖంలో లేని నవ్వు. “ఇంత లెక్కల మనిషికి సివరికి ఏడూ ఏడూ పద్నాలుగు తేలిందేటండీ,” అంది.

ఏడు అన్న మాట ఆమె నోట నేను మొదటిసారి విన్నాను. ఆమె గమనించలేదు. నేనూ ఎత్తి చూపలేదు. హోమం పొగలో కళ్ళు మండుతున్నా, పురోహితుడు చెప్పినన్నిసార్లు నీళ్ళు వదిలాను, చెప్పినన్ని గింజలు వేశాను. ఫ్లెక్సీ అలాగే ఉంచాం. వచ్చినవాళ్ళందరూ దాని ముందు నిలబడి ఫొటోలు తీసుకున్నారు.

ఆ తరువాత ఆమె నన్ను బస్సు ఎక్కనిచ్చింది. మధ్యాహ్నాలు పక్కన కూర్చోవడం మాని, టీవీ ముందు తానే కునుకు తీయసాగింది. భీమరథి రాత్రి గత నెలలో వచ్చింది. తేదీ నాకు తెలిసినా చెప్పకుండా ఊరుకున్నాను. ఆమె పప్పు నానబోసి, గ్యాస్ కట్టేసి, ఎప్పటిలాగే నాకన్నా ముందు నిద్రపోయింది.

మర్నాడు పొద్దున్న నా భార్య గుమ్మంలో చేపల ఆమెతో బేరమాడుతుంటే చెప్పాను. “నిన్నటిదే ఆ రాత్రి.”

“ఏ రాత్రండీ?” అంది, చేప మొప్ప ఎత్తి చూస్తూ. చేపను గంపలో వదిలి నా వైపు తలెత్తింది. తరువాత చేపల ఆమెతో, “ఇంకో రెండు ఎయ్యమ్మా, ఈయన తింటారు,” అంది.